అక్షరం వేరు, అక్షరం బొమ్మ వేరు

చాన్నాళ్ళకు ఒక పాత బ్లాగ్మిత్రుని నుంచి జాబు వచ్చింది. కుశలప్రశ్నలను రెండు వాక్యాల్లో ముగించి ఆయన నేరుగా అసలు సంగతిలోకి దిగారు. యూనికోడు తెలుగుకు తీరని అన్యాయం చేసిందట. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలన్నవారు మన అక్షరానికి మూడు బైట్ల సుంకం విధించారట. 'స్త్రీ' అనే ఒక్క అక్షరాన్ని ఆరు ముక్కలుగా నరికారట. కొరియావారికి 11,172 గదులు ధారాదత్తం చేసి మనల్ని 128 గదుల ఇరుకింట్లో కుక్కారట. "ఇంతకంటే మన పాత డీటీపీ ఫాంట్లే నయం కదండీ, అక్షరమైనా అందంగా ఉండేది" అన్నది ఆయన ముక్తాయింపు.

ఆయనంటే నాకు గౌరవం. 2006 ప్రాంతంలో, లేఖినిలో టైపు చేసి తెచ్చి అతికించడం తప్ప మరేమీ తెలియని నా చేత మొదటి టపా రాయించిన పుణ్యాత్ముల్లో ఆయనొకరు. అయినా చెప్పక తప్పదు. ఆయన చేసిన మొదటి మూడు ఆరోపణలూ సగం నిజాలు, చివరి వాక్యం మాత్రం నిండు తప్పు. జవాబు జాబులో ఇమడలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. తొలిరోజుల్లో ఈ సంగతులు చర్చించి చర్చించి అలసిపోయినవారు రెండు పేరాలు దాటేసి చదువుకోవచ్చు.

కంప్యూటరు దాచుకునేది అంకెలను. ఏ అక్షరానికి ఏ అంకె అన్న ఒప్పందాన్ని అక్షరసమితి అందాం. ఆ అంకెను బైట్లలో ఎలా రాసిపెట్టాలన్నది ఎన్‌కోడింగు. ఆ అంకె ఎదురైనప్పుడు తెరమీద ఏ బొమ్మ గీయాలన్నది ఫాంటు చూసుకుంటుంది. యూనికోడులో 'క'కు ఇచ్చిన అంకె 3093. దాన్ని యూటీఎఫ్-8లో రాస్తే మూడు బైట్లు, యూటీఎఫ్-16లో రాస్తే రెండు. పోతన ఫాంటులో అది ఒక తీరున ఒంపు తిరుగుతుంది, గౌతమిలో మరో తీరున. బైట్లు మారినా, ఒంపు మారినా 3093 మారదు. ఈ మూడు పనులూ వేరువేరని ఒప్పుకుంటే మిత్రుని ఫిర్యాదుల్లో ఏది ఎవరి గుమ్మం ముందు పెట్టాలో తేలిపోతుంది. బైట్ల గొడవ ఎన్‌కోడింగుది, ఆరు ముక్కల గొడవ అక్షరసమితిది, అందం గొడవ ఫాంటుది. ఆయన మూడింటినీ ఒకే మూటగట్టి యూనికోడు నెత్తిన పెట్టారు.

ముందు బైట్ల సంగతి. యూటీఎఫ్-8 పుట్టింది 1992 సెప్టెంబరులో, న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో. రాబ్ పైక్ ఎదురుగా కూర్చుని ఉండగా కెన్ థాంప్సన్ కంచం కింద పరిచే కాగితం మీద ఆ పద్ధతిని గీశాడు. 127 వరకు ఉన్న అంకెలకు ఒక బైటు, 2047 వరకు రెండు, 65,535 వరకు మూడు, ఆ పైన నాలుగు. గ్రీకు, రష్యను, అరబ్బీ రెండు బైట్ల వాటాలో పడ్డాయి. దేవనాగరి మొదలుకొని మన లిపులన్నీ మూడు బైట్ల వాటాలో పడ్డాయి, వాటితోపాటు చైనా జపాను లిపులూ పడ్డాయి. మన మీద ప్రత్యేకమైన పగ ఎవరికీ లేదు. ఆ ఏర్పాటు వల్ల ఒరిగిందేమిటో మనకంటే బాగా ఎవరికి తెలుసు? తెలుగన్న మాటే వినని ఇంగ్లీషు ప్రోగ్రాముల గుండా, ఉచితంగా చోటిచ్చిన ఎవరివో సర్వర్ల గుండా మన టపాలు చెక్కుచెదరకుండా ప్రయాణించాయి. పాత ఆస్కీ మీద బతుకుతున్న ప్రోగ్రాము ఏదైనా తనకు తెలియని బైట్లను కదపకుండా పక్కకు దాటిస్తే చాలు, తెలుగు క్షేమంగా ఒడ్డు చేరుతుంది.

బరువంటారా, మూడు వందల పేజీల నవలకు పేజీకి 1500 సంకేతాలు వేసుకున్నా పదమూడున్నర లక్షల బైట్లు. ఫోనుతో మీరు తీసే ఒక్క పెళ్ళి ఫోటో అంతకంటే బరువు.

ఈ లెక్క నిజంగా మనల్ని కొట్టిన చోటు ఒకటుంది. మిత్రుడు దాన్ని ప్రస్తావించలేదు. ఎస్సెమ్మెస్. అందులో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషును ఏడేసి బిట్లుగా కుదించి 160 అక్షరాలు ఎక్కించారు. ఇతర లిపులకు సంకేతానికి రెండు బైట్లు కాబట్టి 70తో సరి. 'తెలుగులో' అని రాస్తేనే ఎనిమిది అయిపోతాయి. డబ్బులు పెట్టి పంపే సందేశంలో సగానికంటే తక్కువ చోటు దొరికితే జనం ఏం చేస్తారు? ఇంగ్లీషు లిపిలో తెలుగు రాయడానికి అలవాటుపడ్డారు. సందేశాలకు కొలత పోయి ఏళ్ళు గడిచినా ఆ అలవాటు పోలేదు. ఫిర్యాదు చేయదలిస్తే ఇక్కడ చేయాలి.

ఇహ ఆరు ముక్కలు. స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. నిజమే, ఆరు. ఇది యూనికోడు వారి సొంత కల్పన కాదు. మనదేశంలోనే తయారై 1991లో భారతీయ ప్రమాణంగా నమోదైన ఇస్కీ నుంచి వచ్చింది. దానికి ముందున్న 1988 నాటి రూపాన్ని యూనికోడు పునాదిగా తీసుకుంది. బ్రాహ్మి నుంచి పుట్టిన లిపులన్నింటికీ ఒకే వరుస ఇవ్వాలన్నది ఇస్కీ ఆలోచన. అందుకే దేవనాగరి 'క' 2325 దగ్గర ఉంటే, దానికి సరిగ్గా 768 కలిపితే మన 'క' వస్తుంది. మరో 128 కలిపితే కన్నడ 'క'.

ముక్కలు చేయకుండా అక్షరానికో అంకె ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఒకసారి గుణించి చూద్దాం. ఱతో కలిపి హల్లులు 35 అనుకుందాం. సున్నా, విసర్గలను పక్కన పెడితే గుణింతపు రూపాలు 14. రెండు హల్లుల సంయుక్తాలకే 17,150 అంకెలు కావాలి. మూడు హల్లులకు 6,00,250. యూనికోడు మొత్తంలో ఉన్న స్థానాలు 11,14,112. అంటే ప్రపంచంలోని సమస్త లిపులకూ ఉద్దేశించిన చోటులో సగానికి పైగా మనమే ఆక్రమించాలి, 'స్త్రీ' లాంటి వాటి కోసం. వీటిలో అధికభాగం భాషలో కనబడవు కదా, కనబడేవి మాత్రం ఏరుకుందామంటారా? ఏరేదెవరు? 1991లో ఓ సంఘం కూర్చుని జాబితా వేసి ఉంటే అందులో 'ట్వి' ఉండేదని నాకు నమ్మకం లేదు. 2006లో ట్విట్టరు పుట్టాక మళ్ళీ ఆ సంఘం గుమ్మం దగ్గర అర్జీ పెట్టుకుని నిలబడవలసి వచ్చేది.

కొరియా పోలిక ఇక్కడే బెడిసికొడుతుంది. వారి మొదటి హల్లులు 19, అచ్చులు 21, చివరి హల్లు స్థానంలో ఏమీ లేకపోవడంతో సహా 28 అవకాశాలు. గుణిస్తే 11,172, అంతటితో సరి. అది గోడలున్న ఇల్లు. మన లిపికి గోడ లేదు, ఒత్తు కింద ఒత్తు వేసుకుంటూ పోవచ్చు. తమిళుల సంగతి వేరు. వారికి ఒత్తులు లేవు, సంప్రదాయంగా లెక్కించే అక్షరాలు 247. అందుకే అక్షరానికో అంకె ఇచ్చే పద్ధతిని ముందుకు తేగలిగారు, 2010లో అక్కడి ప్రభుత్వం యూనికోడుతోపాటు దాన్నీ గుర్తించింది. వారి చొక్కా మనకు పట్టదు.

ముక్కల పద్ధతికి మూల్యం లేదనను. ముక్కలను కలిపి బొమ్మ గీసే భారం తెరవెనుక ప్రోగ్రాము మీద పడుతుంది. అది తడబడితే మనకు అప్రతిష్ఠ. 2018 ఫిబ్రవరిలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. జ, పొల్లు, ఞ, వాటి వెనుక కంటికి కనబడని విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరుస ఎదురైతే ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన యాప్ కుప్పకూలింది. 'జ్ఞా' చూసి ఫోను మూర్ఛపోయిందని లోకమంతా నవ్వుకుంది, ఆ నెలలోనే యాపిల్ సవరణ విడుదల చేసింది. "తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోంది" అని రాసిన పత్రికలున్నాయి. అక్షరం ఏ పాపం ఎరగదు. గీసేవాడికి గీయడం రాలేదు.

నేనే వాది స్థానంలో ఉంటే యూనికోడు మీద వేరే అభియోగాలు మోపి ఉండేవాణ్ణి. ఱ మన అక్షరమాలలో చివర ఉంటుంది. యూనికోడులో రకూ లకూ మధ్య కూర్చుంది. ళ హకారం తరువాత రావలసింది, వకారానికి ముందే వచ్చేసింది. దేవనాగరి వరుసలోకి మనల్ని ఒదిగించిన ఫలితమిది. అంకెల వరుస నిఘంటు క్రమం కానక్కరలేదనీ, క్రమానికి వేరే నియమాలున్నాయనీ వారి జవాబు. ఆ జవాబులో న్యాయముంది. ఇంగ్లీషులోనూ అంకెల వరుస ప్రకారం పెద్ద 'జడ్' తరువాతగానీ చిన్న 'ఏ' రాదు. కాని ఆ నియమాలు పాటించని ప్రోగ్రాముల్లో పదాల పట్టిక అకారాదిగా పేర్చి చూడండి, 'ఱంపం' ఎక్కడ తేలుతుందో! అలాగే ౘ, ౙలకు 2008 దాకా చోటు లేదు. పాత పుస్తకాల నిండా కనిపించే నకారపొల్లుకు సొంత స్థానం 2021లో దక్కింది. 1991 నుంచి లెక్కపెడితే ముప్పయ్యేళ్ళు. ఇందులో తప్పు వారిదెంతో, అడగని మనదెంతో పంచుకోవలసిందే. మనకిచ్చిన 128 గదుల్లో ఇప్పటికీ ఖాళీలున్నాయి. ఇరుకిల్లు అన్న మాట అందుకే నాకు ఎక్కదు.

ఇక ఆ చివరి వాక్యం. పాత ఫాంట్లే నయమట.

మా పెదనాన్నగారు పల్నాటి పల్లెల్లో ముప్పయ్యేళ్ళు బడిపంతులు. ఊరికో నోటుపుస్తకం పెట్టి సేద్యపు మాటలు సేకరించారు. గొర్రు, గుంటక, మేడి, కాడి అందరికీ తెలిసినవే. ఆయన పట్టుకున్నది వాటి కీళ్ళ పేర్లు, ఎడ్లను అదిలించే మాటలు, కల్లంలో కొలతలు చెప్పేటప్పుడు ఆడవాళ్ళు వాడే మాటలు. 1999లో సొంత డబ్బు పెట్టి డీటీపీ చేయించి, రెండు వందల ప్రతులు అచ్చువేసి, చేతనైనంతమందికి పంచిపెట్టారు. ఆయన పోయాక మా ఇంట్లో మిగిలినవి ఒక ప్రతి, ఒక సీడీ. ప్రతిలో కొన్ని పేజీలు చెదలు తిన్నాయి. సీడీ ఉంది కదా అని నాకు ధీమా. అందులోని ఫైలు నిక్షేపంగా తెరుచుకుంది. తెరమీద మాత్రం తెలుగు లేదు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, కరెన్సీ గుర్తులు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న ఐరోపా అక్షరాలు. నూట అరవై పేజీలు అవే.

జరిగిందేమిటంటే, ఆ సాఫ్టువేరులో తెలుగు అక్షరం అన్న ఊహే లేదు. 256 గదుల్లో నియంత్రణ సంకేతాలు పోను మిగిలిన వాటిలో ఇంగ్లీషువీ ఐరోపావీ అక్షరాలుండాలి. ఫాంటు ఆ అక్షరాల బొమ్మలు తీసేసి తెలుగు ముక్కల బొమ్మలు పెట్టింది. తలకట్టు ఒక గది, తలకట్టు లేని క ఒక గది, కొమ్ము ఒక గది, ఒక్కో ఒత్తు ఒక్కో గది. పెదనాన్నగారు 'కాడి' అనుకున్నారు, పేజీలో 'కాడి' కనబడింది, ఫైలులోకి వెళ్ళింది మాత్రం పడమటి దేశపు అక్షరాల గుంపు. ఆరు ముక్కలని బాధపడే మిత్రునికి మనవి, అక్కడా ముక్కలే. కాకపోతే యూనికోడు ముక్కలు ఉచ్చారణ వరుసలో ఉంటాయి, ఎవరు రాసినా ఒకే అంకెలు. ఈ ముక్కలు కుంచె కదిలిన వరుసలో ఉంటాయి. క్రావడి ముందో, హల్లు ముందో ఆ ఫాంటు గీసినవాడి ఇష్టం. ఒక ఫాంటులో కొమ్ము ఉన్న గదిలో మరో ఫాంటులో సున్నా ఉండవచ్చు. వెతకడం కుదరదు, అకారాదిగా పేర్చడం కుదరదు. ఆ ఫాంటు లేని యంత్రంలో చదవడమే కుదరదు. ఆ ఫాంటేమో కంప్యూటరు వెనుక గుచ్చుకునే తాళం ఉంటేగానీ పనిచేయదు. పేజీలు కట్టిన దుకాణం మూతపడింది. తాళం ఎక్కడో ఎవరికీ తెలియదు.

చెడిపోవడంలోనూ తేడా ఉంది. ఒకసారి నా బ్లాగు నకలును తప్పుడు ఎన్‌కోడింగుతో తెరిచాను. నెత్తిన గీత పెట్టుకున్న చిన్న 'ఏ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్ళీ అదే వరుస, పేజీ పొడవునా. అది చూసి నేను భయపడలేదు. అది యూటీఎఫ్-8 తెలుగు వేసుకున్న మారువేషం. మన బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. వేషం తీయించడం నిమిషం పని. మరోసారి తెలుగు చేతకాని డేటాబేసులోకి నా తెలివితక్కువతో నేనే ఎక్కించాను. ఒక్కో సంకేతం స్థానంలో ఒక్కో ప్రశ్నార్థకం మిగిలింది. పదకొండు టపాలు అలా పోయాయి. అవి తిరిగిరావు, ఆ తప్పు నాదే. పెదనాన్నగారి ఫైలు ఈ రెంటికీ మధ్యన ఉంది. అంకెలన్నీ భద్రం. వాటి అర్థం చెప్పే ఒప్పందం ఎక్కడా రాసి లేదు.

'అప్పట్లో వేరే దారి లేదు' అంటారు. 1999 నాటికి ఆ మాట ఒప్పుకుంటాను. పేజ్‌మేకరుకు యూనికోడు తెలియదు, విండోస్‌లో తెలుగుకు గౌతమి వచ్చిందే 2001లో, ఎక్స్‌పీతో. ఆ రోజుల్లో డీటీపీ ఆపరేటర్లు పడిన పాట్లను నేను తక్కువ చేయను. అచ్చు పుస్తకం బతికిందంటే వారి చలవే. కాని 2012కు ఇన్‌డిజైను భారతీయ లిపులను దిద్దుకోగలిగింది. మండలి, రామభద్ర, గురజాడ, ధూర్జటి అంటూ ఉచితంగా వాడుకోదగ్గ ఫాంట్లు వచ్చాయి. అందం కావాలంటే దొరుకుతుంది. అయినా ఇవాళ్టికీ ఎన్నో ప్రచురణలు పాత ఫాంట్లలోనే పేజీలు కట్టుకుంటున్నాయి. రచయిత యూనికోడులో పంపిన కథను మారకంతో పాత ఫాంటులోకి మార్చి, ఒత్తులు జారిపోతే చేత్తో దిద్ది అచ్చువేస్తారు. దిద్దిన పాఠం మళ్ళీ యూనికోడులోకి రాదు. రచయిత దగ్గర మిగిలేది తప్పులతడక ప్రతి, ముద్రాపకుని దగ్గర మిగిలేది చదవరాని ఫైలు. పీడీఎఫ్ ఉంది కదా అంటారు, అందులోంచి ఒక వాక్యం నకలు తీసి అతికించి చూడండి. పత్రికల సైట్లను చదవడానికి ఒకప్పుడు పద్మ పొడిగింతను ఫైర్‌ఫాక్సులో తగిలించుకున్న మనకు ఈ కథ కొత్త కాదు. సైట్లు మారాయి, పుస్తకాలు మారలేదు.

అచ్చువాళ్ళను అన్నాను కనుక మన ఇంటి చూరు కూడా చూసుకోవాలి. 'కనబడితే చాలు' అన్న రోగం యూనికోడులో రాసే మనకూ ఉంది. 'దుఃఖం'లో విసర్గ బదులు కోలన్ పెట్టి 'దు:ఖం' అని రాసేవారు కోకొల్లలు. 'ఋషి' రాయడం తెలియక బకారానికి కొమ్ము మీద కొమ్ము తగిలించి 'బుుషి' అని రాసేవారినీ చూశాను. సున్నాకు బదులు ఇంగ్లీషు 'ఓ' కొట్టేవారూ ఉన్నారు. తెరమీద తేడా తెలియదు. వెతికినవాడికి ఆ టపా దొరకదు, చదివి వినిపించే ప్రోగ్రాము మీద ఆధారపడే అంధ పాఠకునికి ఆ మాట మాటగా వినపడదు. ఇది పెదనాన్నగారి ఫైలుకు పట్టిన జబ్బే, చిన్న మోతాదులో. నా పాత టపాల్లో కోలన్ విసర్గలు నలభైకి పైగా దొరికాయి. దిద్దాను.

ఆ సీడీ సంగతి చెప్పి ముగిస్తాను. చెదలు తినని పేజీలను ఫైలుతో పక్కపక్కన పెట్టుకుని, ఏ గుర్తు ఏ ముక్కకు చెల్లుతుందో పట్టిక కడుతున్నాను. ఆదివారాల పని. ఇప్పటికి 187 గుర్తులు తేలాయి, ఇంకా తొమ్మిది తేలాలి. వాటిలో నాలుగు చెదలు తిన్న పేజీల్లోని మాటల్లో తప్ప మరెక్కడా రావు. పల్నాటివైపు ఎవరి ఇంట్లోనైనా సేద్యపు పదాల పుస్తకం, పసుపుపచ్చ అట్టది, కనబడితే 93 నుంచి 101 వరకు పేజీలు ఫోటో తీసి పంపండి.

మిత్రమా, మీ కథల సంపుటి 2003లో వచ్చింది. అప్పుడు పేజీలు కట్టినవారి దగ్గర ఫైలు ఉందేమో ఈ వారమే కనుక్కోండి. ఫైలుతోపాటు ఏ ఫాంటు వాడారో అడిగి, ఆ ఫాంటును కూడా తీసుకోండి. రెండూ నాకు పంపితే పట్టిక నేను కడతాను.